కందుల కుండలో కాఫీ గింజలు: పోర్ట్ లూయిస్ నుంచి బెల్ ఎయిర్ దాకా

పోర్ట్ లూయిస్ రేవులో పొద్దున్నే మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని మూటలు మోసేవాళ్ళను అడిగి చూడండి. సగం మంది నా బడ్డీ వైపే చెయ్యి చూపిస్తారు. మిగతా సగం మందికి రుచి తెలియదు. ఈ మాట ముందే చెప్పుకోవడానికి కారణం ఉంది. ఈ ప్రయాణం సంగతి చదివాక నాకు కాఫీ గురించి ఏమీ తెలియదని మీరు అనుకోవచ్చు. గింజ వేయించడం నాకు తెలుసు. దంచడం తెలుసు. గ్రెగ్ అని ఇక్కడివాళ్ళు కాఫీ దించుకునే పొడుగాటి రేకు పాత్ర ఒకటి ఉంటుంది. అందులో చెంచా చెంచాగా వేడినీళ్ళు పోసి చిక్కగా దించడం ఈ రేవులో నా అంత బాగా ఎవరికీ చేతకాదు. తెలియనిది ఒక్కటే ఉండిపోయింది. అది తెలుసుకోవడానికి మొన్న నవంబరులో రెండు రోజులు బడ్డీ మూసి, ద్వీపం అటు వైపుకు వెళ్ళి రావలసి వచ్చింది.

మా అప్ప లచ్చమ్మ ఉండేది ఫ్లాక్ దగ్గర లాల్మతీలో. మా ఇళ్ళలో అక్కను అప్ప అనే పిలుస్తాం. మూడేళ్ళ కిందట బావ కుడి చెయ్యి చెరకు బండి చక్రం కింద పడి నలిగింది. అప్పటినుంచి కత్తి పట్టలేడు. అతని బదులు అప్ప తెల్లవారకముందే ఎస్టేటు గుంపులో చేరి, చెరకు సాళ్ళలో కలుపు తీసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఇంటి వెనక వాగు పక్కన బావ తండ్రి నాటిన కాఫీ చెట్లు ఓ నలభై ఉన్నాయి. ఈ ఏడు అవి విరగకాశాయి. బెల్ ఎయిర్ రివియేర్ సెష్‌లో కాఫీ హోటలు నడిపే మదాం క్లెమాన్స్ అనే క్రియోల్ ఆవిడ, గింజ బాగుంటే ఏటా పంటంతా తానే తీసుకుంటానని మాటిచ్చింది. ఆ మాట నిలబడితే అప్ప ఇక గుంపులోకి పోనక్కర్లేదు. కానీ అక్టోబరులో పంపిన మొదటి సంచిని మదాం ఒక్కరోజు హోటల్లో వాడి వెనక్కి కొట్టింది. శనివారం ఒక్కసారి తన కళ్ళ ముందు కాఫీ దించి చూపించమంది, అదీ బాగోకపోతే ఇక గడప తొక్కవద్దంది. లాల్మతీ నుంచి సంతకు వచ్చిన ఒకాయన ఈ కబురు నాకు చేరవేశాడు. విన్నవెంటనే నాకు నవ్వొచ్చింది. వేయించడం చేతకాక పాడుచేసుకున్నారు, నేను వెళ్ళి ఒక్క మూకుడు వేయించి ఇస్తే ఆ మదాం కళ్ళకద్దుకుని కొంటుంది అనుకున్నాను. నా ఇనప మూకుడు, గ్రెగ్, బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి గోనె సంచిలో వేసుకుని శుక్రవారం పొద్దున బయలుదేరాను.

ఫ్లాక్ వైపు వెళ్ళదలచినవారు పొద్దున ఆరున్నర రైలే పట్టుకోండి. తరవాతి బండి ఎక్కితే ఎండలో మలమల మాడిపోతారు. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి లోపే. బల్లలు గట్టివి కాబట్టి మడత పెట్టిన గోనెపట్టా ఒకటి తీసుకెళ్ళడం మంచిది. కుడివైపు కూర్చుంటే బండి ఊరు దాటుతుండగా కొండలన్నీ కనిపిస్తాయి, నెత్తిన గుండ్రాయి పెట్టుకుని నిలబడ్డ పీటర్ బోత్ కొండతో సహా. ఆ రాయి ఎప్పుడు పడుతుందోనని మా నాన్న ఈ దేశం వచ్చిన కొత్తలో రోజూ చూసేవాడట. పాంప్లెమూస్ స్టేషన్లో బండి కాసేపు ఆగుతుంది. అక్కడ ఒక అవ్వ బుట్టలో గాతో పిమాలు అమ్ముతుంది. మన పప్పు వడలే, కాస్త చిన్నవి, పచ్చిమిరపకాయ ఎక్కువ. అరడజను కొనుక్కుంటే ఫ్లాక్ దాకా ఆకలి మాట ఉండదు. చెరకు కోత నెలలు కాబట్టి దారి పొడుగునా మిల్లుల పొగ, కాగుతున్న రసం వాసన. చెరకు బండ్లకు దారిస్తూ మా రైలు రెండు చోట్ల నిలిచిపోయింది. తొమ్మిదిన్నరకు చేరవలసింది పది దాటాక చేరాం.

ఎదురుగా కూర్చున్న ఒక గుమాస్తా నా సంచిలోంచి తొంగిచూస్తున్న మూకుడును చూసి, "వంటవాడివా?" అని అడిగాడు. కాదన్నాను, కాఫీ వైద్యుణ్ణి అన్నాను. ఆ బడాయి మాట అతనికి బాగా నచ్చి, ఫ్లాక్ వచ్చేదాకా పక్కవాళ్ళందరికీ నన్ను అలాగే పరిచయం చేశాడు.

ఫ్లాక్ స్టేషన్ బయట ఎద్దు బండ్లు ఉంటాయి. లాల్మతీకి పాతిక సెంట్లు అడుగుతారు, ఇచ్చెయ్యండి, బేరమాడుతూ ఎండలో నిలబడటం దండగ. నాకు దొరికిన బండివాడు రామ్‌దీన్. వాళ్ళ ఇంట్లో భోజ్‌పురీ, మా ఇంట్లో తెలుగు, దారి పొడుగునా ఇద్దరం మాట్లాడుకున్నది ఈ ద్వీపంలో అందరికీ వచ్చిన క్రియోల్. బండి లాల్మతీ దారి పట్టగానే నేనెందుకు వెళుతున్నానో చెప్పాను. మదాం క్లెమాన్స్ పేరు వినగానే అతను ఎద్దులను ఆపినంత పని చేశాడు.

"ఆయో! ఆ కఫేయా? కిందటి నెల నేను తాగాను," అన్నాడు, కాఫీని క్రియోల్ పలుకుబడిలో కఫే అంటూ. "మిల్లుకు చెరకు తోలి అలిసిపోయి వెళ్ళాను. ఒక్క గుక్క నోట్లో పోసుకున్నానో లేదో, చచ్చిపోయిన మా అమ్మ గుర్తొచ్చింది."

"అంత బాగుందా?"

"బాగుండటం కాదు భయ్యా. చిన్నప్పుడు కడుపు కట్టేస్తే మా అమ్మ నన్ను కాళ్ళ మధ్య ఇరికించుకుని, ముక్కు మూసి ఒకటి తాగించేది. ఆ వాసన. మళ్ళీ జన్మలో ఆ వాసన చూస్తాననుకోలేదు."

నేను తల ఊపాను. గింజ మాడితే ఒక్కొక్కరికి ఒక్కొక్క వాసన తోస్తుందని అతనికి నచ్చజెప్పాను. నెమ్మదైన మంట మీద, గరిటె ఆపకుండా వేయించడం గురించి లాల్మతీ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. దిగేటప్పుడు, రేపు పొద్దున ఐదింటికి బెల్ ఎయిర్ సంతకు బండి కడుతున్నానని, కావాలంటే తమరూ రావచ్చని చెప్పి వెళ్ళాడు.

నేను వెళ్ళేసరికి అప్ప అప్పుడే చెరకు తోటలోంచి వచ్చి, గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుంటోంది. మోచేతుల నుంచి మణికట్ల దాకా చెరకు ఆకు కోసిన గీతలు. కొన్ని పాతవి, కొన్ని ఆ రోజువే. నన్ను చూసి చెంబు కింద పెట్టేసింది.

"వచ్చీసేవా తమ్ముడా! నువ్వు వొత్తావని నాకు తెలుసురా. కాఫీ నీకు తెలిసినట్టు ఇంకెవురికి తెలుసు?"

అన్నం తిన్నాక గింజలు దాచిన కుండ తీయమన్నాను. అప్ప గది మూలనున్న పెద్ద కుండను రెండు చేతులా పట్టుకుని మధ్యలోకి జరిపింది. మూత చుట్టూ మట్టి, పేడ కలిపి నున్నగా అలికి ఉంది. కత్తి మొనతో ఆ అలుకు పగలగొట్టి మూత తీసింది. పైన వేపాకు పరుపు. దాని కింద పచ్చి గింజలు, ఒక్కొక్కటీ నిగనిగలాడుతున్నాయి. కాఫీ గింజ నిగనిగలాడకూడదు. వేయించక ముందైతే అసలే కూడదు. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆముదం.

"సూడు, ఒక్క పురుగు నేదు," అంది అప్ప సంబరంగా. "నువ్వు జూలైలో వచ్చినప్పుడు ఎలా సెప్పేవో అలాగే సేసేను. సరిగ్గా పట్టించేనా?"

అవును, జూలైలో నేనే చెప్పాను. ఇదే గదిలో, ఇదే పీట మీద కూర్చుని, అడగని వాటికి కూడా జవాబులు చెబుతూ. "మన అమ్మ కందులు ఎలా దాచేది? కాఫీ అయినా గింజేగా. బాగా ఎండబెట్టు. చేతికి ఆముదం రాసుకుని గింజ గింజకీ పట్టించు. వేపాకు పరిచి కుండలో పోసి మూత అలికెయ్యి. ఏడాదైనా చెక్కుచెదరదు." కందులకు ఇది తిరుగులేని పద్ధతి. మా అమ్మ ఎస్టేటు కేంపులో ఉన్నన్నాళ్ళూ పెరటి కందులను అలాగే దాచింది, మేము అలాగే తిన్నాం. కందిని కడుగుతాం, ఉడకబెడతాం, ఆముదం పోతుంది. కాఫీని నిప్పు మీద వేయిస్తాం. పట్టిన నూనె గింజలోకే ఇంకి, కమిలి, కూర్చుంటుంది. రోజూ ఇన్నేసి గింజలు వేయించేవాడికి ఇంతమాత్రం తట్టకపోవడం ఏమిటని అడుగుతారేమో. నా బడ్డీకి గింజ వారం వారం కోమటి దగ్గర్నుంచి వస్తుంది. వారానికి మించి దాచవలసిన అవసరం నాకెన్నడూ పడలేదు. తెలియని పనికి కూడా తెలిసిన గొంతుతోనే సలహా ఇచ్చాను.

ఆ క్షణంలో నేను చెప్పవలసిన మాట ఒక్కటే. అది నా నోట రాలేదు. వచ్చిన మాట వేరు.

"ఆముదం మరీ ఎక్కువ పట్టించావప్పా. చెయ్యి తడి చేసుకుంటే చాలు. నువ్వు గరిటెతో పోసినట్టున్నావు."

అప్ప తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "అవునేమోరా," అంది. "పురుగు పడతాదేమోనన్న బయంతో రెండోసారి కూడా రాసేను. నా బుద్ధే అంత."

పనిలో పడితే సిగ్గు కనబడదని, సరుకు బాగుచేసే పనిలో పడ్డాను. వేడినీళ్ళు కాచి, శీకాయ, సెనగపిండి కలిపి, ఆ గింజలకు రెండుసార్లు తలంటు పోశాను. కాఫీ గింజలకు తలంటు పోసినవాడు ఈ ద్వీపంలో నేనొక్కడినే అయి ఉంటాను. ఎండలో చాప మీద ఆరబోసి, గంటన్నర ఆగి, ఒక గుప్పెడు మూకుట్లో వేయించాను. పొగ లేచింది. బావ గుమ్మంలో కూర్చుని ఎడంచేత్తో చుట్ట తాగుతున్నవాడల్లా వెనక్కి తిరిగాడు.

"ఏటి బామ్మర్దీ, సీకటి పడకముందే దీపం ఆర్పినావేటి?"

సరిగ్గా అదే వాసన. ఆముదం దీపం ఒత్తిని ఊది ఆర్పితే వచ్చే కమురు. బావ వేళాకోళానికి అన్నాడు కానీ ఎవరూ నవ్వలేదు. అప్ప చూపు ఆ మూకుట్లోనే ఉంది. రేపు పొద్దున మదాం ముందు పెట్టడానికి తన దగ్గర ఏమీ లేదని ఆమెకు అర్థమైంది. సోమవారం మళ్ళీ గుంపులోకి పోవాలనీ, ఆ తరవాతి సోమవారమూ పోవాలనీ అర్థమైంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

కాసేపటికి అప్ప లేచింది. బోర్లించిన రోలు మీదకెక్కి, దూలానికి వేలాడుతున్న గుడ్డ మూటను విప్పి దించింది. అది గాలి తగిలే చోట, పొయ్యికి దూరంగా, కిటికీ ఎదురుగా ఉంది. వచ్చినప్పటినుంచీ కళ్ళ ముందే వేలాడుతున్నా నేను పట్టించుకోలేదు.

"ఇవి ఇత్తనాలురా. వానలు పడగానే వాగు గట్టున ఇంకో వరస నాటుదారని ఉంచేను," అంది మూట విప్పుతూ. "పొట్టుతోనే ఉన్నాయి. నీడలో ఎండబెట్టేను."

గుడ్డలో మూడు సోలల గింజలుంటాయేమో. ప్రతి గింజ చుట్టూ గడ్డిరంగు పొట్టు, గలగలమంటూ ఎండిపోయి ఉంది. ఒకటి పంటి కింద పెట్టి కొరికాను. లోపలి గింజ గట్టిగా, ఆకుపచ్చగా, పచ్చిగడ్డి వాసనతో ఉంది. కోసి ఐదు నెలలైందంటే నమ్మబుద్ధి కాలేదు.

"వీటికి ఆముదం రాయలేదా?"

"నేదు. ఆముదం పడితే ఊపిరాడక మొలక రాదేమోనని బయమేసింది. నువ్వు రాయమన్నావు గానీ..." అప్ప మొహమాటంగా నవ్వింది. "వీటికి మాత్రం నీ మాట ఇన్లేదు. కోపం తెచ్చుకోకు."

ఎవరి మీద తెచ్చుకోను కోపం?

"వీటిని వేయించేస్తే నీ కొత్త వరస?" అన్నాను.

"సగం నాటుదాం. సగం ఒలుద్దాం," అంది, అప్పటికే రెండు కుప్పలు చేస్తూ. చెయ్యి రెండుసార్లు ఈ కుప్పలోంచి ఆ కుప్పలోకి గింజలు మార్చింది, నాటవలసిన కుప్ప కొంచెం చిన్నదైంది.

రోట్లో పోసి మెల్లగా దంచితే పొట్టు విడిపోయింది. చేటలో చెరిగితే ఎగిరిపోయింది. ఆ తరవాతి పని నాది, అందులో నాకు ఎవరి సలహా అక్కర్లేదు. మంట తగ్గించి, గరిటె ఆపకుండా, గింజ మొదటిసారి చిటపటలాడి ముదురు గోధుమరంగు తిరిగేదాకా వేయించి దించాను. వేడిగా ఉండగా డబ్బాలో పోయకూడదు, మూత లోపల చెమట పట్టి గింజ మెత్తబడుతుంది. చేటలో పలచగా పోసి పూర్తిగా చల్లారనిచ్చి, పొడిగా తుడిచిన రేకు డబ్బాలో నిండుగా నింపి మూత బిగించాను. పొడి చెయ్యలేదు. పొడి చేసిన కాఫీ వాసన తెల్లారేసరికి ఎటో పోతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది. బావ ఈసారి చుట్ట ఆర్పి, లోపలికి వచ్చి కూర్చున్నాడు.

శనివారం పొద్దున ఐదింటికి రామ్‌దీన్ బండి వచ్చింది. లాల్మతీ నుంచి బెల్ ఎయిర్‌కు ఫ్లాక్ మీదుగా మూడు గంటల పైమాటే. సంత రోజున బండిలో కూరగాయల బుట్టల మధ్య ఇరుక్కోవాలి, పెందలాడే ఎక్కితేనే చోటు. దారిలో లీచీ పళ్ళు ఎర్రబారుతున్నాయి. అప్ప తనకున్న ఒక్క మంచి చీర కట్టుకుని, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బండి కుదుపుకు దాన్ని రెండు చేతులా పట్టుకునేది. నేను మధ్యలో రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రెండుసార్లూ ఎద్దుల గురించి ఏదో అడిగి ఊరుకున్నాను.

బెల్ ఎయిర్ పెద్ద ఊరే. బడి, దుకాణాలు, సంత అన్నీ ఒక్కచోట ఉంటాయి. మదాం క్లెమాన్స్ హోటలు సంత పక్కనే, రేకుల పంచ కింద. తలకు ఎర్ర గుడ్డ చుట్టుకున్న భారీ మనిషి. బల్లల దగ్గర బండ్లవాళ్ళు, ఎస్టేటు కూలీల మీద మేస్త్రీలైన ఇద్దరు సర్దార్లు, తెరుచుకోబోతున్న దుకాణాల వాళ్ళు.

"బోంజూర్ లచ్చమ్మా," అంది మదాం, నవ్వకుండా. "ఈసారేం తెచ్చావు?"

నేను డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను. ఒక గింజ తీసుకుని కొరికి, రోలు వైపు చూపించింది. ఆమె రోట్లోనే దంచి, ఆమె పొయ్యి మీదే నీళ్ళు కాచి, నా గ్రెగ్‌లో చెంచా చెంచాగా పోశాను. ఆ పావుగంటలో నేను ఎవరినీ చూడలేదు. కప్పు అందించాను. మదాం ముందు వాసన చూసింది, ఒక గుక్క తాగింది, ఇంకో గుక్క తాగింది. తరవాత పక్కనున్న సర్దారుకు ఇచ్చింది. అతను కప్పు తిరిగివ్వలేదు.

"ఇది వేరే చెట్ల గింజ," అంది మదాం.

"అయ్యే సెట్లు మదాం," అంది అప్ప. క్రియోల్‌లో కూడా ఆమె గొంతులో మా యాసే పలుకుతుంది. "ఇయ్యి పొట్టుతో దాసినవి. అప్పుడు తప్పు నాదే. ఆముదం రాసి దాసేను."

"ఏం రాశావు?"

"ఆముదం."

మదాం కొంతసేపు నమ్మలేదు. "లుయిల్ టాంటాన్?" అంది. ఆముదానికి ఇక్కడి పేరు అదే. "నా కఫేలో లుయిల్ టాంటాన్! బెల్ ఎయిర్ సర్దార్లందరికీ నేను నా చేత్తో విరేచనాల మందు పోశానా!" బండ్లవాళ్ళు బల్లలు చరుస్తూ నవ్వారు. రామ్‌దీన్ అయితే, నేను చెప్పలేదా అని నా వీపు మీద ఒక్కటిచ్చాడు. మదాం మాత్రం నవ్వలేదు. కప్పు బల్ల మీద పెట్టేసి అప్పతో, కొంచెం మెత్తగానే అంది: "చూడు లచ్చమ్మా, నువ్వు మంచిదానివే. కానీ కఫేకు టాంటాన్ రాసే మనిషిని నమ్మి ఏడాది పంట తీసుకోలేను. రేపు ఇంకేం రాస్తావో నాకేం తెలుసు?"

అప్ప తల వంచుకుని డబ్బా మూత వెతుక్కుంది. అది నా చేతిలో ఉంది. నా వైపు చెయ్యి చాచింది. చూపులో నిష్ఠూరం గానీ ఆశ గానీ లేదు. నేను చెబుతానని ఆమె అనుకోలేదు. చెప్పాలని కూడా అనుకోలేదు. తమ్ముడి ముందు తన తప్పు ఒప్పుకుంది, అంతే. అది చూసేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆముదం రాయమన్నది నేను మదాం," అన్నాను.

"నువ్వెవరు?"

"ఈమె తమ్ముణ్ణి. పోర్ట్ లూయిస్ రేవులో నాకు కాఫీ బడ్డీ ఉంది. గింజలు దాచడం నాకు తెలియదు. తెలుసన్నట్టు చెప్పాను. ఆమె నా మాట విని చేసింది. ఇప్పుడు మీరు తాగినవి మాత్రం నా మాట వినకుండా దాచుకున్నవి. నిన్న ఇంట్లో కూడా తప్పు నీ మీదకే తోశానప్పా."

చివరి మాట అప్ప వైపు తిరిగి తెలుగులో చెప్పాను. పంచ కింద నవ్వులు ఆగిపోయాయి. నాకు చెవులు కాలిపోతున్నాయి. రేవులో ఈ సంగతి పొక్కితే నా బడ్డీ దగ్గర ఎన్నాళ్ళు ఎగతాళి చేస్తారో అప్పుడే లెక్కేసుకుంటున్నాను. అప్ప నన్ను చూసి, "నువ్వొగ్గీయిరా," అంది మెల్లగా.

మదాం నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నీ బడ్డీలో కూడా టాంటాన్ పోస్తావా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా అప్ప వైపు తిరిగింది. "వచ్చే ఏడు పంట పొట్టుతోనే తీసుకురా. ఒలవడం, వేయించడం నా ఇంట్లో. ఎలా దాచాలో నీకు తెలుసు. ఇతన్ని మాత్రం అడగకు."

అలా మాట కుదిరింది. కానీ వచ్చే ఏటికి. ఈ ఏటి పంటంతా కుండలో ఆముదం తాగి కూర్చుంది, అమ్మడానికి ఒక్క గింజ లేదు. అంటే ఈ కోత ముగిసేదాకా, ఆ తరవాత కొత్త పంట చేతికొచ్చేదాకా, అప్ప గుంపులోకి పోవలసిందే. తిరుగు బండిలో ఆ మాట నేనే ఎత్తాను. నా సలహా వల్ల నీకు ఒక ఏడాది పోయిందన్నాను. మిగిలిన గింజలు మదాంకే ఇచ్చేసిన అప్ప, ఒళ్ళోని ఖాళీ డబ్బాను తడిమింది.

"ఏడాదే కదరా," అంది. "నిన్నటి దాకా ఎన్నేళ్ళో తెలీదు."

ఫ్లాక్‌లో సాయంత్రం రైలు నాలుగింటికి. నన్ను స్టేషన్ దగ్గర దింపి, ఆమె రామ్‌దీన్ బండిలోనే లాల్మతీకి వెళ్ళిపోయింది. సోమవారం తెల్లవారకముందే ఆమె గుంపులో ఉంటుందని నాకు తెలుసు. ఆ రైలు ప్రయాణం గురించి రాయడానికి ఏమీ లేదు, నేను బయటికి చూడలేదు.

ఈ ప్రయాణం పూర్తయి ఇప్పటికి నెలలు గడిచాయి. డిసెంబరు వానలకు అప్ప నాటిన గింజల్లో చాలావరకు మొలిచాయని కబురొచ్చింది. నేనూ మారానని చెప్పను. రేవులో నా అంత బాగా కాఫీ దించేవాడు ఇప్పటికీ లేడు, ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే బడ్డీకి వచ్చినవాళ్ళు ఏదైనా అడిగితే, నాకు తెలిసిందా తెలియనిదా అని ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆ ఆగడం నాకు కొత్త. ఒక పనిలో చెయ్యి తిరిగినవాడికి పక్క పని కూడా వచ్చేసినట్టే అనిపిస్తుంది. నాకు అలా అనిపించినందుకు ఒక ఏడాది పాటు చెరకు ఆకు కోసేది నా చేతుల్ని కాదు.

ఇక ఆ వైపు వెళ్ళేవారికి ఒక్క సలహా, ఇది నాది కాదు, మా అప్పది. ఫ్లాక్ పల్లెల్లో ఎవరి పెరట్లోనైనా కాఫీ కొంటే పొట్టు తీయనిదే కొనండి. గుడ్డ మూట కట్టి, పొయ్యికీ దీపానికీ దూరంగా, గాలి ఆడేచోట వేలాడదీయండి. వారానికి సరిపడా మాత్రమే ఒలిచి వేయించుకోండి. బెల్ ఎయిర్‌లో దిగినప్పుడు మదాం క్లెమాన్స్ పంచ కింద ఒక కప్పు తాగి రండి. ఆవిడ ఆముదం కథ చెప్పకుండా ఎవరినీ వదలదు. ఆముదం రాసింది లచ్చమ్మ కాదు, పోర్ట్ లూయిస్ రేవులో బడ్డీ ఉన్న ఆమె తమ్ముడు అని, నా పేరుతో సహా చెబుతుంది. అలాగే చెప్పమని ఆ రోజు బండి ఎక్కేముందు నేనే వెనక్కి వెళ్ళి అడిగాను.